కైమా రొట్టెకు తీపి తోడు

కోడికూరలో ఓళిగ ముంచుకుని తిన్న నోరు మనది. పండగనాడు నెయ్యి కారే ఓళిగను తుంచి, ఎర్రటి పులుసులో అద్ది నోట్లో పెట్టుకోవడానికి రాయలసీమలో ఎవరూ రెండోసారి ఆలోచించరు. అదే మనిషికి మాంసం రొట్టె మీద తీపి సాసు పోసి ఇస్తామంటే మాత్రం మొహం చిట్లిస్తాడు. మదనపల్లె వైపు పెద్దావిడ ఎవరైనా ఉంటే వంటింటి గడపలోనే నిలదీస్తుంది: "ఏం మే, కూరలోకి చక్కెరేంది?"

అడగాల్సిన మాటే. జవాబు మాత్రం ఆమె చేతిలోని ఓళిగలోనే ఉంది. కారం, కొవ్వు, ఉప్పు ముగ్గురూ గట్టిగా అరుస్తున్న చోట తీపి వచ్చి కూర్చుంటే మూడు గొంతులూ వినపడతాయి. దానికి కాస్త పులుపు తోడైతే తినేవాడికి మొహం మొత్తదు. మన చింతపండు పులుసులో చిటికెడు బెల్లం వేసే అలవాటు వెనక ఉన్న తెలివీ ఇదే.

ఈ తీపి సాసు గురించి ఇప్పుడు మాట్లాడటానికి ఇంకో కారణం ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఏ ఊరైనా చూడండి, పొద్దుగూకితే శవర్మా పొయ్యి వెలుగుతుంది. నిలువు చువ్వకు గుచ్చిన కోడిమాంసం నిప్పు ముందు తిరుగుతూ ఉంటుంది, కత్తితో పైపొర గీసి రొట్టెలో చుట్టి ఇస్తారు. పిల్లలు ఇంటికొచ్చి అదే కావాలంటారు. ఇంట్లో చేయడం కష్టమని మనం అనుకుంటాం. కష్టమేమీ లేదు. పైగా వీధిలో భయపడాల్సిన వస్తువు ఒకటుంది, ఇంట్లో దాని అవసరమే రాదు. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ఈ రొట్టె మన పశ్చిమ మండలాలకు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి కువైట్ దారి. రాయచోటి, పీలేరు, మదనపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్ వెళ్ళని వీధి అరుదు. మగవాళ్ళు డ్రైవర్లుగా పోతే, ఆడవాళ్ళు చాలామంది అక్కడి ఇళ్ళల్లో వంటపనికి కుదిరారు. ఏళ్ళ తరబడి ఇంకొకరి వంటింట్లో కుబ్బూసు కాల్చి, శెనగలు రుబ్బి, గొర్రెమాంసానికి దాల్చినచెక్క పట్టించిన చేతులవి. తిరిగొచ్చినప్పుడు బంగారం, దుప్పట్లతో పాటు ఆ చేతివాటం కూడా వచ్చింది. దాన్ని మనం ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. అరబ్బు వంట నేర్చుకోవాలంటే యూట్యూబు తెరవనక్కర్లేదు, ఆ ఇళ్ళల్లో ఒకరి తలుపు తడితే చాలు.

రెండోది బెంగళూరు దారి. మూడు రాష్ట్రాలు కలిసే మూలన ఉన్న కుప్పం చెన్నై–బెంగళూరు రైలు మార్గం మీదే ఉంది. పొద్దున రైలెక్కి బెంగళూరులో పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరే కుర్రాళ్ళు అక్కడి తిండి రుచుల్ని కూడా మోసుకొస్తారు. అదే మార్గంలో ఇటు జోలార్‌పేట దాటితే వాణియంబాడి, ఆంబూరు బిర్యానీ సీమ. మాంసం విషయంలో కుప్పం నోటికి రెండు పక్కల నుంచీ గురువులున్నారు.

బర్సా నుంచి హాలిఫాక్స్ దాకా

మాంసాన్ని నిలువు చువ్వకు గుచ్చి తిప్పే పద్ధతి ఒట్టోమాన్ తుర్కులది. 1855లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన బొమ్మలో అలాంటి పొయ్యి కనిపిస్తుంది. బర్సా పట్టణంలో ఇస్కెందర్ అనే వంటవాడి కుటుంబం దానికి పేరు తెచ్చింది. అక్కడి నుంచి లెబనాన్, సిరియాల్లో శవర్మా అయింది, గ్రీసులో గైరో అయింది. లెబనాన్ వలసదారులతో మెక్సికో వెళ్ళి పంది మాంసంతో, మొక్కజొన్న రొట్టెతో స్థిరపడింది. 1970ల మొదట్లో తుర్కీ కార్మికులతో బెర్లిన్ వీధుల్లో నిలబడింది. పోయిన ప్రతి చోటా అక్కడి పెరట్లో దొరికిన పులుపునో తీపినో పక్కన పెట్టుకుంది.

మనకు పనికొచ్చే కథ మాత్రం కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్‌ది. పీటర్ గమౌలకోస్ అనే గ్రీకు వలసదారు అక్కడ తన దేశపు గైరో అమ్మబోయాడు. గొర్రెమాంసం, పెరుగు సాసు ఆ ఊరివాళ్ళ నోటికి పట్టలేదు. ఆయన అలిగి కూర్చోలేదు. గొర్రె తీసేసి పశుమాంసం పెట్టాడు, పెరుగు తీసేసి పాలు, చక్కెర, వెనిగరు, వెల్లుల్లితో చిక్కటి తీపి సాసు కలిపాడు. డొనేర్ అంటే అదే. 1970ల మొదట్లో 'కింగ్ ఆఫ్ డొనేర్' దుకాణం క్విన్‌పూల్ రోడ్డులో వెలిసింది. 2015 డిసెంబరులో ఆ నగర పాలక మండలి డొనేర్‌ను తమ ఊరి అధికారిక వంటకంగా ప్రకటించింది. పరాయి వంటను ఊరి నోటికి తగ్గట్టు మార్చుకుంటే చివరికి అది ఊరిదే అవుతుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. హాలిఫాక్స్ వాళ్ళు పాల డబ్బాతో ఆ పని చేశారు. మన దగ్గర టమోటా ఉంది, చిత్తూరు బెల్లం ఉంది, పుంగనూరు మార్కెట్లో చింతపండు ఉంది, తోటల్లో తోతాపురి ఉంది. వాళ్ళకంటే మనకే సరుకు ఎక్కువ.

తెల్ల సాసుతో చిక్కు

ఇప్పుడు ఆ భయం సంగతి. వీధి శవర్మాలో పోసే తెల్లటి మయోనైజ్ చాలాచోట్ల ఉడకని గుడ్డు, నూనె కలిపి చిలికింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉంటే చంపడానికి అక్కడ వేడి లేదు. వెచ్చటి సాయంత్రం బండి మీద గంటలకొద్దీ గిన్నెలో ఉంటే అది పెరుగుతూనే ఉంటుంది. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, పలువురు ఆసుపత్రి పాలయ్యాక తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే పని చేసింది. కేరళ 2023లోనే ఆ నిర్ణయం తీసుకుంది. అంతకు ముందు 2022 మే నెలలో కాసరగోడ్ జిల్లా చెరువత్తూరులో శవర్మా తిన్న పదహారేళ్ళ అమ్మాయి చనిపోయింది, పరీక్షల్లో షిగెల్లా బయటపడింది. షిగెల్లా గుడ్డుతో వచ్చేది కాదు, మురికి నీళ్ళతో, కడగని చేతులతో వస్తుంది. చువ్వ మీది మాంసానికీ ఓ గండం ఉంది. పైపొర కాలుతుంటే లోపలి పొర పచ్చిగానే ఉంటుంది. గిరాకీ జోరులో కత్తి ఒక్క అంగుళం లోపలికి పోయిందంటే ఉడకని ముక్క రొట్టెలోకి వచ్చేసినట్టే.

బండి పెట్టుకున్నవాళ్ళందరినీ దోషుల్ని చేయడం నా ఉద్దేశం కాదు. శుభ్రంగా చేసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కానీ ఇంట్లో చేసేటప్పుడు ఆ చువ్వ, ఆ గుడ్డు సాసు రెండూ అనవసరం. తీపి సాసులో గుడ్డు లేదు. వెనిగరు, చక్కెర, ఉప్పు మూడూ క్రిములకు గిట్టనివే.

కైమాను పిసికే పని

చువ్వ లేకుండా ఆ రుచి ఎలా అంటే, హాలిఫాక్స్ ఇళ్ళల్లో చేసే ఉపాయమే. మాంసాన్ని కైమా కొట్టించి, మసాలా వేసి, జిగురు వచ్చేదాకా పిసికి, దిమ్మలా చేసి ఉడికించి, చల్లార్చి, పల్చగా కోసి పెనం మీద కాల్చడం. కైమా ఉండలు చేసే మన ఇళ్ళకు ఇది సగం తెలిసిన పనే. ఉండకు బదులు దిమ్మ, అంతే.

అర కిలో పొట్టేలు కైమా తీసుకోండి. ఎనభై పాళ్ళు కండ, ఇరవై పాళ్ళు కొవ్వు ఉండాలి. కొవ్వు వద్దని అంగడివాడితో గట్టిగా చెప్పి మరీ కొట్టించుకునేవాళ్ళుంటారు. ఈ వంటకు ఆ జాగ్రత్త పనికిరాదు, దిమ్మ పొడిపొడిగా రాలిపోతుంది. రెండుసార్లు కొట్టించండి. ఒకటిన్నర టీస్పూను ఉప్పు, ఒక చెంచా కారం, చెంచా ధనియాల పొడి, అర చెంచా జీలకర్ర పొడి, అర చెంచా మిరియాల పొడి, పావు చెంచా దాల్చినచెక్క పొడి, రెండు ఏలకులు, రెండు లవంగాలు నూరినవి, చెంచాన్నర అల్లం వెల్లుల్లి, ఒక చిన్న ఎర్రగడ్డ తురిమి నీళ్ళు గట్టిగా పిండేసినది వేయండి. హాలిఫాక్స్ వాళ్ళు పట్టు కోసం బ్రెడ్డు పొడి వేస్తారు. మనం కైమా ఉండల్లో వేసే వేయించిన పప్పుల పొడే రెండు పెద్ద చెంచాలు వేస్తే దానికంటే మేలు, రుచి కూడా.

ఇక అసలు పని. కైమా చల్లగా ఉండాలి. మిక్సీలో కొద్దికొద్దిగా, రెండు ఐసు ముక్కలు వేసి తిప్పి, తర్వాత చేత్తో పది నిమిషాలు పిసకాలి. చపాతీ పిండిని బల్లకేసి కొట్టినట్టు గిన్నెలోకి ఎత్తేయండి. ఉప్పు తగిలాక మాంసంలోని మాంసకృత్తులు బయటికి వచ్చి జిగురు కడతాయి. వేళ్ళకు అంటుకుని దారంలా సాగితే అయినట్టు. ఇక్కడ బద్ధకిస్తే కోసేటప్పుడు ముక్కలు విరిగి మామూలు కైమా వేపుడు మిగులుతుంది. అదీ బాగుంటుంది, కానీ మనం బయలుదేరింది దానికి కాదు.

ఇంట్లో ఓవెన్ ఉంటే 175 డిగ్రీల దగ్గర గంటంపావు. లేకపోతే మన ఇడ్లీ పాత్రే చాలు. కైమాను కడ్డీలా చుట్టి, అరటాకులో ఒక వరస, దాని మీద అల్యూమినియం కాగితం ఇంకో వరస బిగించి, మూత పెట్టి నలభై ఐదు నిమిషాలు ఆవిరి పట్టించండి. మాంసం లోపల పెట్టే థర్మామీటరు ఉంటే నడిమధ్యన 71 డిగ్రీలు చూపించాలి, కోడి కైమా అయితే 74. లేకపోతే మధ్యలో పుల్ల గుచ్చండి, కారే రసంలో ఎరుపు కనిపించకూడదు. చల్లారాక ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. ఇది తప్పించుకునే మెట్టు కాదు, చల్లబడి గట్టిపడిన దిమ్మే పల్చగా తెగుతుంది. మరునాడు పదునైన కత్తితో కాగితంలా కోసి, ఇనుప పెనం మీద దాని కొవ్వులోనే అంచులు కరకరలాడేలా కాల్చండి. కొవ్వు చిటపటమంటున్నప్పుడు ఒక చెంచా తీపి సాసు ముక్కల మీద చిలకరిస్తే చక్కెర కాస్త మాడి, చువ్వ మీద కాలిన వాసన వచ్చేస్తుంది.

రొట్టెకు మూడు పాళ్ళు మైదా, ఒక పాలు గోధుమపిండి. నాలుగు కప్పుల పిండికి రెండు టీస్పూన్ల ఈస్టు, ఒక చెంచా చక్కెర, ఒకటిన్నర చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె, పట్టినన్ని గోరువెచ్చటి నీళ్ళు. మెత్తగా కలిపి తడిగుడ్డ కప్పండి. వేసవిలో గంటలో పొంగుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబరు చలిలో గంట దాటినా పిండి కదలదు. పాలు కాచి దించిన వెచ్చటి పొయ్యి పక్కన పెడితే లేస్తుంది. చపాతీ కంటే మందంగా వత్తి, బాగా కాగిన పెనం మీద వేసి, బుడగలు రాగానే తిప్పి, పుల్కాలా పొంగనివ్వండి. పెనం సరిగా కాగకపోతే రొట్టె పొంగదు, అప్పలా మిగిలిపోతుంది. దించగానే గుడ్డలో చుట్టేయాలి, మెత్తగా ఉంటేనే మడత చిరగదు. ఇదంతా ఎవరు చేస్తారంటే బేకరీలో కుబ్బూసు పొట్లం కొనుక్కోండి, తప్పేం లేదు. కష్టపడాల్సింది మాంసం దగ్గర.

మూడు ఊళ్ళ సాసులు

పాల సాసు పుంగనూరుకే చెందాలి. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుండే ఆ పొట్టి ఆవును ఇప్పుడు దేశమంతా ముద్దు చేస్తోంది. మామూలు ఆవుపాలలో వెన్న మూడు, మూడున్నర శాతం ఉంటే వీటి పాలలో ఎనిమిది దాకా ఉంటుందని చెబుతారు. పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో ఈ జాతిని కాపాడుతున్నారు. ఆ ఆవులు తక్కువ, అవి ఇచ్చే పాలు ఇంకా తక్కువ, సాసుకు పోసేంత ఎవరి దగ్గరా ఉండవు. గేదెపాలతో పని జరుగుతుంది. లీటరు పాలలో 200 గ్రాముల చక్కెర వేసి మూడో వంతుకు వచ్చేదాకా కాచి, పూర్తిగా చల్లార్చండి. ఓపిక లేకపోతే మిల్క్‌మెయిడ్ డబ్బా. 200 గ్రాముల చిక్కటి పాలకు ఒక వెల్లుల్లి రెబ్బ మెత్తగా నూరి కలిపి, మూడు పెద్ద చెంచాల వెనిగరు కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో నెమ్మదిగా తిప్పండి. పులుపు తగలగానే పాలు చిక్కబడతాయి, చక్కెర ఎక్కువ కాబట్టి విరిగి గడ్డలు కట్టవు. చిక్కబడిందని కనిపించగానే చెయ్యి ఆపాలి, ఇంకా తిప్పితే మళ్ళీ పల్చబడుతుంది. గంట ఫ్రిజ్‌లో ఉంచి వాడండి. పాలు, వెల్లుల్లి, వెనిగరు కలవడం వింటే వికారంగానే ఉంటుంది. కాలిన కైమా మీద పడ్డాక ఆ మాట మర్చిపోతారు.

మదనపల్లె సాసు చెప్పాలంటే నీరుగట్టువారిపల్లె మార్కెట్టు గుర్తు రావాలి. 2023 జూలైలో అక్కడే మేలురకం టమోటా కిలో రెండొందల దరిదాపుకు పోయింది. ఇంకో ఏడాది కోతకూలీ కూడా రాక రైతు రోడ్డు పక్కన పారబోసి పోతాడు. ఈ ఊగిసలాటకు వంటింట్లో మందు లేదు, కానీ చవకైన వారంలో ఐదు కిలోలు కొని సాసు కాచి పెట్టుకునే ఇల్లు రెండు విధాలా లాభపడుతుంది. కిలో పండిన టమోటాకు వంద గ్రాముల బెల్లం, చిన్న నిమ్మకాయంత చింతపండు, నాలుగు ఎండుమిరపకాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు. ఉడికించి, రుబ్బి, జల్లెడ పట్టి, గరిటెకు అంటుకునేదాకా కాచి, చివర అర చెంచా వేయించిన జీలకర్ర పొడి, రెండు చెంచాల వెనిగరు. నాటు టమోటా అయితే చింతపండు తగ్గించండి, దాని పులుపు దానికే ఉంటుంది. గట్టి తోలు హైబ్రిడ్ లారీ ప్రయాణానికి పెంచింది, సాసుకు దాన్ని కాస్త ఎక్కువసేపు కాచాలి.

మూడోది తోతాపురి. కుప్పానికి పేరు పెడుతున్నాను గానీ ఇది చిత్తూరు ప్రాంతం మొత్తానిది. గుజ్జు ఫ్యాక్టరీలు నడిచేదే ఈ కాయతో. 2025 వేసవిలో ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు తేల్చినా రైతులు ట్రాక్టర్లతో రోజుల తరబడి వరసల్లో నిలబడ్డారు. శవర్మాతో మామిడి సాసు కొత్త ఊహ కాదు. ఇరాక్‌లో 'అంబా' అని పసుపు, మెంతులు వేసిన మామిడి సాసు ఉంది. బొంబాయిలో వ్యాపారం చేసిన బాగ్దాదీ యూదులు మన మామిడి ఊరగాయ రుచి అక్కడికి చేర్చారని చెబుతారు. అంటే ఈ జంట ఒకసారి మన తీరం నుంచే ఓడెక్కి పోయింది. రెండు దోరకాయల ముక్కలు, 50 గ్రాముల బెల్లం, అర చెంచా పసుపు, పావు చెంచా మెంతిపిండి, పావు చెంచా ఆవపిండి, చెంచా కారం, ఉప్పు, అర గ్లాసు నీళ్ళు పోసి పావుగంట ఉడికించి రుబ్బండి. మెంతిపిండి చెయ్యి జారితే చేదు, అంతే జాగ్రత్త.

రొట్టె వెచ్చగా ఉండగానే చుట్టాలి. మొదట సాసు ఒక పూత, దాని మీద మాంసం, పచ్చి ఎర్రగడ్డ చీలికలు, గింజలు తీసేసిన టమోటా, పుదీనా కొత్తిమీర, మళ్ళీ పైన ఒక చెంచా సాసు. క్యాబేజీ, బంగాళదుంప వేపుడు, చీజు అని బరువు పెంచే పిల్లల మాట వినకండి. హాలిఫాక్స్ వాళ్ళు ఎర్రగడ్డ, టమోటాతోనే ఆపేస్తారు, వాళ్ళు చెప్పింది నిజం. అర కిలో కైమాకు ఆరు రొట్టెలు నిండుతాయి, నలుగురి ఇంటికి సరి. మిగిలిన దిమ్మను ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచొద్దు, తినేముందు మళ్ళీ పెనం మీద బాగా వేడి చేయాలి. పాల సాసు నాలుగైదు రోజులు, టమోటా సాసు రెండు వారాలు నిలుస్తుంది. పొడి చెంచా పెట్టినంత కాలమే ఈ లెక్క.

మూడింటిలో నా ఓటు తోతాపురికే. పొట్టేలు కొవ్వుకు దాని పులుపు పడినట్టు వేరేదీ పడదు. పాల సాసు పిల్లల పళ్ళెంలో వేయండి, టమోటా సాసు కోడి కైమా చేసిన రోజుకు దాచుకోండి. కాయ జూన్, జూలైల్లో వస్తుంది. ఈసారి ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో నిలబడ్డ ట్రాక్టరు కనిపిస్తే, రైతు దగ్గరే ఒక బుట్ట కొనుక్కోండి, బేరమాడకుండా.